ఏ సగం ముందు

గుర్రం పడిన చప్పుడు ఆమె వినలేదు. చెవులకి హెడ్‌ఫోన్లున్నాయి, కళ్ళు మీటర్ల మీద ఉన్నాయి. రేస్‌కోర్సులో చివరి మలుపుకి ఎదురుగా ఆపిన వ్యానులో కూర్చుని, ఒకే స్టాండు మీద పక్కపక్కనే బిగించిన రెండు కెమెరాల సిగ్నల్స్ సమానంగా వస్తున్నాయా లేదా అన్నది మాత్రమే చూస్తోంది. బొమ్మ చూడకూడదు. ఆ నియమం పెట్టింది ఆమే.

ఛానల్ హై డెఫినిషన్‌కి మారబోతోంది. మారడానికి దారులు రెండు. మొదటిదాంట్లో బొమ్మని నింపే అడ్డగీతలు ఎక్కువ, బొమ్మ నిగనిగలాడుతుంది. కానీ ఒక్కో బొమ్మనీ రెండు సగాలుగా కోసి పంపుతుంది: బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఇంకోసారి. రెండోదాంట్లో గీతలు తక్కువ, కానీ ప్రతిసారీ నిండు బొమ్మ వెళ్తుంది. ఆఫీసులో అందరూ వాటిని సగాలు, నిండు అనే పిలిచేవారు. ఒకసారి ఎంచుకున్నాక కెమెరాల నుంచి ట్రాన్స్‌మిటర్ల దాకా అన్నీ దానికి తగ్గట్టే వస్తాయి. పదిహేనేళ్ళ దాకా వెనక్కి తిరగడానికి ఉండదు. అందుకే పరీక్ష. ఒకే పందేన్ని రెండు పద్ధతుల్లోనూ తీసి, ఏది ఏదో చెప్పకుండా నలభై మందికి చూపించి, ఏది బాగుందో వాళ్ళనే అడగడం. పరీక్ష నడిపే మనిషికే ఒకదాని మీద మోజు పుడితే అంతా పాడవుతుందని చీఫ్ ఇంజనీరుగా ఆమె భయం. అందుకే వ్యానులో తెరలన్నీ ఆర్పేసింది.

కెమెరామన్ తలుపు తోసుకుని తల లోపలికి పెట్టాడు. "మేడమ్, మీ తమ్ముడు బానే ఉన్నాడు."

ఆమె హెడ్‌ఫోన్లు తీసేసింది. బాగున్నవాడి గురించి ఎవరూ పరిగెత్తుకొచ్చి చెప్పరు.

తమ్ముడూ ఆ పందెంలో జాకీయే. పడింది వాడి పక్క గుర్రం. దాని మీదున్న జాకీకి పాతికేళ్ళు. వెనకొచ్చిన గుర్రాలు ఆగలేకపోయాయి. అంబులెన్సు తలుపు వేసేటప్పటికే ప్రాణం లేదు. లేచి నిలబడిన గుర్రానికి కళ్ళెం బకిల్ ఊడిపోయి పగ్గం నేల మీద ఈడుస్తోంది. బకిల్ ఊరికే ఊడదు. గుర్రాన్ని సాకే సాయిసు సరిగా బిగించకపోయి ఉండాలి, లేదా పక్కనున్నవాడు పగ్గం పట్టి లాగి ఉండాలి. పక్కనున్నది తమ్ముడు. శుక్రవారం విచారణ అని రేస్‌కోర్సు కమిటీ ఆ సాయంత్రమే నోటీసు అంటించింది. తప్పు తేలితే లైసెన్సు జన్మలో తిరిగి రాదు. ఆ వెంటనే పోలీసు కేసు. టీవీలో వెళ్ళిన ప్రసారం చూస్తే అవతలి ప్రేక్షకుల స్టాండు మీంచి తీసినది. దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఇంటికెళ్ళేసరికి తమ్ముడు వంటింట్లో ఫ్రిజ్‌కి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు. బూట్లు విప్పలేదు. ముప్పై ఏళ్ళొచ్చినా బరువు యాభై దాటనివ్వడు. అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిది, ఆమెకి ఇరవై మూడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆమెకి వాడు బుడ్డోడే.

"లేచి కుర్చీలో కూర్చోరా."

"కుర్చీలో కూర్చుంటే కాళ్ళు అందవు."

ఎప్పుడూ వేసే జోకే. ఇద్దరికీ నవ్వు రాలేదు.

"ఏం జరిగిందో చెప్పు."

"చెప్పాగా ఫోన్లో. వాడి గుర్రం నా మీదకొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టా."

"పగ్గం పట్టుకున్నావా?"

"అక్కా, అంత స్పీడులో ఎవడు ఏం పట్టుకున్నాడో ఎవడికి గుర్తుంటుంది?"

"నీకు గుర్తుంటుంది."

వాడు బూటు లేసుతో కుస్తీ పడుతూ, "పట్టుకోలేదు," అన్నాడు.

ఆమె నమ్మింది. చిన్నప్పుడు పలక పగలగొట్టి పిల్లి మీద పెట్టడం తప్ప వాడు తనకి అబద్ధం చెప్పిన గుర్తు ఆమెకి లేదు.

"మా కెమెరాలు రెండూ మలుపుకి ఎదురుగానే ఉన్నాయిరా," అంది.

వాడు తలెత్తాడు. "అవి పరీక్షవి కదా? రికార్డు కూడా చేస్తాయా?"

"చేయకపోతే పరీక్ష దేనికి?"

వాడు మళ్ళీ లేసు మీదకి వంగాడు.

ఛానల్ డైరెక్టరుకి ఆఫీసులో రిమోట్ అని పేరు. ఎదుటి మనిషి మాట నచ్చకపోతే అరక్షణంలో విషయం మార్చేస్తాడు. మంగళవారం పొద్దున ఆమె అడగాల్సింది అడక్కముందే మార్చేశాడు.

"టెస్టు టేపులు కంపెనీ రహస్యం. బయటికి పోవు. మీ తమ్ముడి విషయంలో నాకూ బాధగానే ఉందమ్మా. కానీ ఆ టేపుల మాట బయటికొస్తే పరీక్ష గురించి ఊరంతా మాట్లాడుకుంటారు."

"మాట్లాడుకుంటే ఏం సార్?"

"సగాల కెమెరాలకి ఆర్డరిచ్చి నెలైంది."

"మరి పరీక్ష ఎందుకు సార్?"

"ఎవర్నీ అడక్కుండా చేశామని రేపు ఎవరూ అనకూడదుగా," అని ఆయన ఫోను అందుకున్నాడు.

నిండు టేపు అప్పటికే సీలు వేయించుకుని లైబ్రరీ బీరువాలోకి వెళ్ళిపోయింది. సగాల టేపు మాత్రం, శబ్దం సరిచూడటం మిగిలి, ఇంకా ఆమె బల్ల మీదే ఉంది. ఆమె గది తలుపు గడియ పెట్టింది. బొమ్మ చూడకూడదన్న నియమాన్ని పెట్టిన చేత్తోనే తెర స్విచ్ వేసింది.

గుర్రాలు ఎదురుగా దూసుకొస్తున్నాయి. దూరం నుంచి లాగే లెన్సు కాబట్టి అన్నీ ఒకదాని మీద ఒకటి అతికించినట్టున్నాయి. ముందున్న మూడు తలల వెనక ఏమీ కనబడదు. ఒక్కచోట, ఒకే ఒక్క ఫ్రేములో, రెండు తలల మధ్య కిటికీలా సందు తెరుచుకుని మూసుకుంది. ఆ సందులో తమ్ముడి నీలం చొక్కా, పక్కవాడి పగ్గం.

ఆపి చూస్తే చెయ్యి రెండు చోట్లా ఉంది. వేర్వేరు క్షణాల్లో తీసిన రెండు సగాలూ కలిసిపోయి అంచులు దువ్వెన పళ్ళలా చీలాయి. దానికి మందు ఆమెకి తెలుసు. ప్లేయరులో సగాలు విడదీసి ఒకదాని తర్వాత ఒకటి చూడొచ్చు. ఆమె చెయ్యి దానంతటదే వెళ్ళి బల్ల మీదున్న మీట నొక్కింది. ఇరవై రెండేళ్ళుగా నొక్కుతున్న మీట.

మొదటి సగం: చెయ్యి పగ్గం మీద ఉంది. రెండో సగం: జానెడు దూరంలో, ఖాళీగా, వేళ్ళు విచ్చుకుని ఉంది.

ఐదుసార్లు చూసింది. సెకనులో యాభయ్యో వంతులో చెయ్యి పగ్గం మీంచి తొలగిపోతోంది. పట్టి లాగేవాడి చెయ్యి అలా ఉండదు. తగిలింది, తీసేశాడు. వాడు చెప్పిందే నిజం.

మధ్యాహ్నానికల్లా కమిటీకి ఉత్తరం రాసింది. రెండు సగాలకీ ఫోటోలు తీయించి, వెనక ఒకటి, రెండు అని నంబర్లు వేసి, కింద తన పేరు, హోదా, ఇరవై రెండేళ్ళ అనుభవం రాసి సంతకం పెట్టింది. డైరెక్టరుకి చెప్పలేదు. తనే తీసుకెళ్ళి ఇచ్చి, బయటికొచ్చి తమ్ముడికి ఫోను చేసింది.

"బయటపడ్డావురా బుడ్డోడా. తగలగానే చెయ్యి తీసేశావు, టేపులో ఉంది."

"నిజంగా అలా కనబడిందా?" అన్నాడు.

"కళ్ళారా చూశా."

"సరే," అని పెట్టేశాడు. ఏడుపు ఆపుకోలేక పెట్టేశాడనుకుంది.

బుధవారం కమిటీ నుంచి డైరెక్టరుకి లేఖ వచ్చింది: ఫోటోలు అందాయి, అసలు టేపులు రెండూ శుక్రవారం మా ముందుంచండి. రిమోట్ ఆ రోజు విషయం మార్చలేదు. నిలబెట్టి పావుగంట తిట్టాడు. చివర్లో, "అడిగారు కాబట్టి ఇవ్వక తప్పదు. అదయ్యాక మన సంగతి చూసుకుందాం," అన్నాడు.

ఆమెకి ఆ తిట్లు చెవికెక్కలేదు. రెండో టేపు కూడా వస్తోంది. రెండూ ఒకే మాట చెప్తే ఇంక వాడి వైపు వేలెత్తి చూపేవాడుండడు.

గురువారం లైబ్రరీ బాబాయ్ నిండు టేపు పట్టుకొచ్చాడు. రిటైరై మళ్ళీ వచ్చి కూర్చున్న మనిషి, ఆఫీసులో అందరికీ బాబాయే.

"సీలు నువ్వే వేయించావు, నువ్వే విప్పించుకుంటున్నావు. నా బీరువా ఏమన్నా సత్రమా అమ్మాయ్?"

"ఒక్కసారి చూసి ఇచ్చేస్తా బాబాయ్."

"చూడు చూడు. పిల్లాడు ఇంటికొచ్చేస్తే చాలు," అని రిజిస్టరులో సంతకం తీసుకుని వెళ్ళాడు.

సందు తెరుచుకున్న చోటికి తెచ్చి ఆపింది. ఇక్కడ విడదీయడానికి సగాల్లేవు. ఆ సందులో పట్టినవి రెండు నిండు బొమ్మలు, కింద మూలన వాటి వరస నంబర్లు. మొదటి బొమ్మలో తమ్ముడి చెయ్యి ఖాళీగా, వేళ్ళు విచ్చుకుని ఉంది. రెండోదాంట్లో పగ్గం మీద ఉంది. మసక లేదు, దువ్వెన పళ్ళు లేవు. నాలుగు వేళ్ళూ మడిచి పట్టిన పిడికిలి. దాని పైన, ఆ పిడికిలినే చూస్తూ, చనిపోయిన కుర్రాడి మొహం.

టేపు తిరగబడి ఎక్కిందేమో అనుకుంది. నంబర్లు మళ్ళీ చదివింది. మళ్ళీ మొదటి నుంచి వేసింది. అప్పుడు మెల్లగా తల తిప్పి పక్క బల్ల మీది మీట వైపు చూసింది.

మీట 'సరి ముందు' దగ్గర ఉంది.

ఛానల్ పాత టేపుల్లో సరి గీతల సగం ముందొచ్చేది. ఆమె చదువుకున్నది, నేర్చుకున్నది, వెనకొచ్చిన వాళ్ళకి నేర్పింది అదే. కొత్త సగాల పద్ధతిలో బేసి ముందొస్తుంది. ఆ సంగతి ఆమెకి తెలీక కాదు. రిపోర్టు రెండో పేజీలో తనే రాసింది. రాసింది బుర్ర, నొక్కింది చెయ్యి. మామూలుగా అయితే నాలుగు ఫ్రేములు ఆడేసరికి బొమ్మ ముందుకీ వెనక్కీ గింజుకుని తప్పు ఎవరికైనా తెలిసిపోయేది. ఆమె చూసింది ఒక్క ఫ్రేము. అందులో తర్వాతది ముందు చూసింది, ముందుది తర్వాత చూసింది. తీసేస్తున్నట్టు కనబడిన చెయ్యి, నిజానికి పట్టుకోబోతున్న చెయ్యి.

మీట మార్చి సగాల టేపు మళ్ళీ వేసింది. రెండు టేపులూ ఒకే మాట చెప్పాయి. ఆమె కోరుకున్నట్టే.

టేబులు పట్టుకుని నిలబడి ఉండగా డైరెక్టరు లోపలికొచ్చాడు. ఈసారి గొంతులో తేనె ఉంది.

"ఆలోచిస్తే మనకి గొడవెందుకమ్మా? కమిటీవాళ్ళతో మాట్లాడా. మీ ఫోటోలు చూసి వాళ్ళు దాదాపు తేల్చేశారు, కళ్ళెం సరిగా బిగించలేదని. ఇంక ఆ నిండు టేపుతో పనేముంది? రికార్డింగ్ పాడైందని ఒక్క లైను రాసివ్వండి. చెరిపేయిద్దాం. పరీక్ష రద్దు. మీ తమ్ముడు బయటపడతాడు, నా ఆర్డరూ నిలబడుతుంది. మీ ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తరు."

టైపు చేయించిన కాగితం బల్ల మీద పెట్టి, తెర వైపు కన్నెత్తి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. చూసినా ఆయనకి కావాల్సింది గీతల లెక్కే.

సాయంత్రం తమ్ముడు బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు, విచారణకి.

"నిండు టేపు చూశా," అంది.

ఇస్త్రీ పెట్టె ఆగింది. "దాంట్లో ఏముంది?"

"నీకు తెలీదా?"

చొక్కా మీంచి పొగ లేచేదాకా వాడు కదల్లేదు. ఆమే వెళ్ళి పెట్టె ఎత్తి పక్కన పెట్టింది.

"లోపలి వైపు నుంచి దూరిపోయాడక్కా. నా రేసు అది. ఒక్క లాగు లాగితే జోరు తగ్గుతాడనుకున్నా. అందరూ చేసేదే. పడతాడనుకోలేదు. ఒట్టు, పడతాడనుకోలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు ఫోన్ చేసి చేయి తీసేశావని చెప్పాక, నాకే డౌటొచ్చింది. తీసేశానేమో అనుకున్నా. రెండు రోజులు నిజంగా అనుకున్నా." కాలిన చొక్కా మడతపెట్టడం మొదలెట్టాడు. "నువ్వు చూసింది చూసినట్టు రాశావ్. అది అబద్ధం కాదు కదా? దాన్ని అలా వదిలెయ్ అక్కా."

శుక్రవారం పొద్దున ఇల్లు తాళం వేసేటప్పుడు ఆమె సంచిలో రెండూ ఉన్నాయి, నిండు టేపూ, డైరెక్టరిచ్చిన కాగితమూ. కాగితం మీద సంతకం చేసేసింది. ఇరవై ఏళ్ళు అన్నం కలిపి పెట్టిన చెయ్యి, సంతకం పెట్టడానికి ఎంతోసేపు ఆలోచించలేదు.

కమిటీ గది బయట వరండాలో బల్ల మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. ఖాకీ చొక్కా, మాసిన తలపాగా. ఆమె మెడలోని ఛానల్ కార్డు చూసి లేచాడు.

"ఫోటోలు తీసింది మీరేనా అమ్మా?"

"అవును. మీరు?"

"సాయిసుని. ఆ గుర్రానికి కళ్ళెం బిగించింది నేనే." చేతులు రెండూ గాలిలో బకిల్ బిగిస్తున్నట్టు కదిలాయి. ఆయనకి ఆ సంగతి తెలిసినట్టు లేదు. "మూడుసార్లు లాగి చూశానమ్మా. ఎప్పుడూ మూడుసార్లే. మరి ఎట్టా ఊడింది? మీ ఫోటోలో బకిల్ కనబడిందా? లోపలి ముల్లు చిల్లులో పడిందో లేదో చూశారా?"

"అంత దగ్గరగా కనబడదండీ."

"మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. తప్పు లేదులే. కొడుకుని గుర్రమెక్కించింది నేను, కళ్ళెం బిగించింది నేను. అది బిగుసుకోలేదంటే ఇంక నాతో ఏం మాట్లాడుద్ది?"

కొడుకు అన్న మాట దగ్గర ఆమె చెయ్యి సంచి మీద బిగుసుకుంది. సాయిసు గురించి అందరూ ఏదో ఒకటి చెప్పారు. ఎవరూ ఇది చెప్పలేదు, ఆమె అడగలేదు.

లోపల్నుంచి పిలుపొచ్చింది.

గదిలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు సభ్యులు. గోడ పక్కన ఇన్‌స్పెక్టరు, తలుపు దగ్గర కానిస్టేబులు. తమ్ముడు ఎదురు కుర్చీలో, ఆమెని చూసి కాస్త నిటారుగా కూర్చున్నాడు. మూలన ప్లేయరూ తెరా పెట్టారు. సాయిసుని కూడా లోపలికి రప్పించి గోడకి నిలబెట్టారు.

"మీ ఫోటోల తర్వాత పెద్దగా తేల్చాల్సిందేమీ లేదమ్మా," అన్నాడు ఛైర్మన్, కళ్ళజోడు తుడుచుకుంటూ. "కళ్ళెం బిగించడంలో నిర్లక్ష్యం అని రాసేస్తున్నాం. రెండో టేపు కూడా ఉందన్నారు. అది బాగుందా, పాడైందా? మీ డైరెక్టరు ఏదో అనుమానంగా చెప్పారు."

సంచిలో వేలికి ముందు తగిలింది కాగితమే. తమ్ముడు ఆమెనే చూస్తున్నాడు. తొమ్మిదేళ్ళప్పుడు బడి గేటు దగ్గర నిలబడి చూసినట్టు చూస్తున్నాడు.

"బాగుందండీ," అంది. "నా ఫోటోల మీద నంబర్లే తారుమారయ్యాయి."

టేపు పెట్టింది. మొదటి బొమ్మ దగ్గర ఆపింది. రెండో బొమ్మ దగ్గర ఆపింది. ఛైర్మన్ ఆమె ఉత్తరం తిరగేశాడు.

"అంటే మీరు తప్పు రాశారు."

"అవునండీ."

"ఇరవై రెండేళ్ళ అనుభవం అని కూడా రాశారు."

"ఆ అనుభవం వల్లే సార్. పాతదాంట్లో రెండో సగం ముందొచ్చేది."

ఆయనకి అర్థం కాలేదు. తెర మీది పిడికిలి అర్థమైంది. తమ్ముడి వైపు తిరిగి, "ఇది నీ చెయ్యేనా?" అన్నాడు.

"ఆవిడనడగండి," అన్నాడు తమ్ముడు. "ఆవిడకి అన్నీ బాగా కనబడతాయి."

పుట్టి బుద్ధెరిగాక వాడు ఆమెని అక్క అనకుండా ఆవిడ అనడం అదే మొదలు.

ఇన్‌స్పెక్టరు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. లేచి నిలబడ్డ వాడు ఇన్‌స్పెక్టరు జేబు ఎత్తుకి వచ్చాడు. ఆమె పక్కనుంచి వెళ్తూ ఆగి, చిన్నగా అన్నాడు: "పాడైందని ఒక్క మాట. అంతేగా నిన్నడిగింది."

డైరెక్టరు అడిగిందీ అంతే. సోమవారం ఆయన సగాల పద్ధతిని పత్రికల ముందు ప్రకటించబోతున్నాడు, నలభై మంది ప్రేక్షకులు ఏమీ చూడకుండానే. ఆ ప్రకటన నాటికి ఆమె గది తలుపు మీద ఇంకొకరి పేరుంటుంది. అవన్నీ ఆమెకి ఆ గదిలోనే తెలిసిపోయాయి. ఏదీ మనసుకి తగల్లేదు. వరండాలో దూరమవుతున్న అడుగుల చప్పుడులో ఏవి వాడివో తెలుస్తున్నాయి, ఇన్‌స్పెక్టరువాటికంటే తేలిక.

సభ్యులు కాగితాలు సర్దుకుంటున్నారు. ఆమె ప్లేయరు ఆపబోయింది.

"అమ్మా," అన్నాడు సాయిసు. గోడ దగ్గర్నుంచి కదిలి తెరకి మూరెడు దూరంలోకి వచ్చేశాడు. "ఇంకోసారి వెయ్యమ్మా."

"చూశాం కదా పెద్దాయనా," అన్నాడు ఛైర్మన్ మెత్తగానే. "కళ్ళెంలో తప్పు లేదని రాస్తాం. మీ మీద ఏమీ రాదు."

"కళ్ళెం గురించి కాదయ్యా. చెయ్యి గురించీ కాదు." ముసలాయన వేలు పిడికిలి దాటి పైకి వెళ్ళి, తెరకి తగలకుండా ఆగింది. "ఇక్కడ మావాడి మొహం ఉంది. బతికున్నాడు ఇందులో."

కానిస్టేబులు తలుపు దగ్గర నిలబడి అడిగాడు: "తీసుకెళ్తున్నాం మేడమ్. ఇంటివాళ్ళెవరైనా కిందికొచ్చి సంతకం పెట్టాలి. మీరు ఏమవుతారు?"

"అక్కని," అంది. "రెండు నిమిషాల్లో వస్తా, కాస్త ఆపండి."

"ఆగరు మేడమ్."

ఆమె తలుపు వైపు చూసింది, ముసలాయన వీపు చూసింది. టేపు వెనక్కి తిప్పింది.